మంద పడుకున్న నేల

మా మల్లన్న ఫోన్ చేశాడంటే నాకు ముందు భయం వేస్తుంది. ఊరికే మాట్లాడటానికి ఫోన్ చేసే మనిషి కాడు. ఊళ్ళో ఎవరైనా పోవాలి, లేదా గొర్రెలకు ఏదైనా రోగం తగలాలి. ఈ ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం ఫోన్ మోగి అన్న పేరు కనబడగానే, ఇంకెవరు మిగిలార్రా దేవుడా అనుకుంటూనే ఎత్తాను. "చెల్లే, తిన్నవా?" అన్నాడు. గొంతులో ఏడుపు లేదు. నవ్వు ఆపుకుంటున్నట్టున్నాడు. "తిన్న గాని, ఏందో చెప్పు ముందు" అన్నాను. "పటేల్ మనుమడు మంద పెట్టమన్నడే! మనిషిని తోలలే, తనే వచ్చిండు. ఇంటి ముంగట కారాపి, కాకా, నీ మంద మా అత్వెల్లి పొలంల పెట్టాలె అన్నడు. నమ్ముతవా నువ్వు?" నేను నమ్మలేదు. కానీ నమ్మలేదని చెప్పే ధైర్యం కూడా రాలేదు. అన్న గొంతు అంత సంతోషంగా విని ఎన్నేళ్ళయిందో. "మంచిగైందన్నా. ఒకసారి వచ్చి చూస్త" అని పెట్టేశాను.

తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. మాది శామీర్‌పేట దిక్కున గొర్రెలు కాసే కురుమ ఇల్లు. మా కాలంలో కోతలైపోయి పొలాలు ఖాళీ పడగానే రైతులు కాపరిని పిలిచి, మందను రాత్రిపూట తమ పొలంలో పడుకోబెట్టించుకునేవారు. దాన్నే మంద పెట్టడం అంటారు. తెల్లారేసరికి పెంటికలూ మూత్రమూ నేలకు అందేవి, ఇక ఆ యేడు ఎరువు కొనే పని ఉండేది కాదు. ఇవాళ ఈ మడి అయితే రేపు పక్క మడి, అలా పొలమంతా మంద తిరిగేది. బదులుగా వడ్లో జొన్నలో మా ఇంటికి వచ్చేవి. ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు. అడగాలంటే ముందు పొలం ఉండాలి కదా. మా అన్న మంద మేపేది ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉన్న కాస్త గడ్డి మీద, అమ్ముడుపోని ప్లాట్లలో, వాచ్‌మన్లు తరిమేదాకా. వదినె, వాళ్ళ కొడుకు రాజు గొర్రెలు అమ్మెయ్యమని కొన్నాళ్ళుగా ఒకటే పోరు. పోయిన దసరాకు మాట తీసుకున్నారు కూడా, ఈ ఎండాకాలం దాటితే అమ్మేస్తానని. సరిగ్గా ఇలాంటప్పుడు, ఒకప్పటి ఊరి భూస్వామి పటేల్ మనుమడు కారాపి అడిగాడు. అన్నకు అది మంద పెట్టమనడం మాత్రమే కాదు. ఇంకా నీతో పని ఉంది, గొర్రెలను అమ్ముకోకు, అని ఎవరో చెప్పినట్టు.

నా చిన్నతనమంతా ఉన్ని వాసనలో గడిచింది. వానాకాలం నాయిన గొంగడి తడిసి వచ్చి దండెం మీద ఆరేస్తే, ఇల్లంతా తడి ఉన్ని, సల్ల, పేడ అలికిన నేల, మూడూ కలిసిన వాసన వేసేది. బళ్ళో నా పక్కన కూర్చున్న పిల్ల ముక్కు మూసుకునేది. నేను దాని జడ పట్టి గుంజేదాన్ని. నాకు చిన్నప్పటి నుంచీ చేయీ నోరూ రెండూ ఎక్కువే. మా అవ్వ, అంటే నాయిన తల్లి, గడప పక్కన ఒక కాలు చాపుకొని కూర్చుని కదురు మీద ఉన్ని వడికేది. కదురు వైపు చూసేదే కాదు. కళ్ళన్నీ వాకిట్లో వచ్చేపోయేవాళ్ళ మీద. ఎవరొచ్చినా, నువ్వెవరు, ఎందుకొచ్చావు అని అడగదు. "మంద ఏడున్నది ఇయ్యాల?" అని అడుగుతుంది. బళ్ళో సారు వచ్చినా అదే మాట. చివరి రోజుల్లో చూపు పోయి, మనుషులను గుర్తుపట్టలేని స్థితిలో కూడా ఆ ఒక్కటీ అడిగేది. మేము ఏదో ఒక పొలం పేరు చెబితే, ఆ పొలం కళ్ళ ముందు కనబడినట్టు తల ఊపి, "మంచి నేల" అనేది. ఆ పొలాల్లో సగం అప్పటికే ప్లాట్లయ్యాయని ఎవరమూ చెప్పలేదు.

నాయిన మాట తక్కువ మనిషి. కానీ కోతలైన ఆ నెలా రెండు నెలలూ ఆయన్ను పట్టడం ఎవరి వల్లా అయ్యేది కాదు. పొద్దున్నే ఇద్దరు ముగ్గురు రైతులు మా వాకిట్లో ఉండేవారు. నాకు ముందు, నాకు ముందు అని. నాయిన నులక మంచం మీద కూర్చుని వేప పుల్ల నములుతూ, ఎవరికీ అవుననడు, కాదనడు. "సూద్దాం తియ్యి" అంటాడు. వాళ్ళు బీడీ ఇస్తారు, తీసుకుంటాడు. ఇంకోసారి అడుగుతారు, ఇంకోసారి సూద్దాం అంటాడు. లోపలినుంచి అవ్వ, "మీ నాయినకు కొమ్ములు మొలిచినయ్ బిడ్డా, తట్టుకుంటరు జాగ్రత్త" అని మాకు వినబడేలా అనేది. మేము నవ్వేవాళ్ళం. నాయినకూ వినబడేది, కానీ విననట్టు ఉండేవాడు. యేడాదంతా నాయిన పటేల్ ఇంటి అరుగు కింద నిలబడే మాట్లాడేవాడు. ఈ ఒక్క కాలంలో పెద్ద పటేల్ తనే మా ఇంటికి నడిచి వచ్చి, మా మంచం మీద కూర్చుని, అవ్వ పోసిన సల్ల తాగి, "ఎప్పుడు పెడ్తవ్ రా మా పొలంల?" అని అడిగేవాడు. పెద్దయ్యాక నేను టీచరు ఉద్యోగం చేశాను, సన్మానాలు చేశారు, శాలువాలు కప్పారు. పటేల్ మా మంచం మీద కూర్చున్న రోజు మా నాయిన ముఖంలో ఉన్న వెలుగు నా ముఖంలోకి ఏ శాలువాతోనూ రాలేదు.

పొద్దున్నే, రాత్రంతా మంద దగ్గర పడుకున్న నాయినకు సద్ది మోసుకుపోవడం నా పనీ అన్న పనీ. జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ, తొక్కు ఒక గుడ్డలో మూట కట్టి అమ్మ ఇస్తే, పొలం ఒడ్ల మీద నడిచి పోయేవాళ్ళం. ముందు నేను, వెనకాల అన్న. నేను దారిలో రొట్టె తుంచుకు తింటానని అన్నకు అనుమానం, అది నిజమే. మేము చేరేసరికి మంద అప్పుడే లేచి ఒళ్ళు విరుచుకుంటూ ఉండేది. ముక్కు పగిలే ఘాటు. అయినా ఆ ఘాటు నాకు ఇప్పటికీ చెడ్డ వాసన కాదు. నాయిన చెప్పులు విప్పి మడి నాలుగు మూలలూ తిరిగి చూసేవాడు, ఎక్కడ పడింది, ఎక్కడ పడలేదు అని. నన్ను కూడా పిలిచి, గొర్రెలు లేచిపోయిన చోట ఉత్త కాళ్ళతో నిలబెట్టేవాడు. "ఎచ్చగున్నదా?" అనేవాడు. చలికాలం పొద్దున ఆ నేల నిజంగానే వెచ్చగా ఉండేది, మనిషి లేచిపోయిన పక్క లాగా. "ఇంగ ఈ నేల తిన్నది. మంచిగ పండుతది" అని, రొట్టె అందుకునేవాడు.

ద్రాక్షతోటల వాళ్ళయితే మమ్మల్ని మరీ గౌరవంగా చూసేవారు. మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ అప్పట్లో ఎటు చూసినా పందిళ్ళ మీద ద్రాక్షే. గొర్రె ఎరువు పడితే గెల నిండుగా వస్తుందని వాళ్ళ నమ్మకం. తీగ కత్తిరించినప్పుడు ఆకంతా మందకే వేసేవారు. ఆ వారం పాలలో కూడా ఏదో పులుపు ఉన్నట్టు మాకు అనిపించేది, అనుకోవడమే కావచ్చు. కోతలైన తర్వాత మా మందకు హద్దులుండేవి కావు. వరి కొయ్యలు మిగిలిన పొలం ఎవరిదైనా, పగలు మేయొచ్చు. ఎవరి పట్టా, ఎవరి కౌలు అన్న లెక్క విత్తనాలు పడ్డాకే మొదలయ్యేది. మాకు సొంత భూమి గుంటెడు లేదు. అయినా నేను పేదరాలినని నాకు ఎన్నడూ తోచలేదు. మా నాయిన గొర్రెలు కళ్ళ ముందున్న భూమంతా తిరుగుతుంటే, అదంతా మాదేనని అనుకునేదాన్ని. పిచ్చి మొఖాన్ని.

అన్న ఫోన్ చేసిన కొన్నాళ్ళకు, మంద పెట్టే రోజున, రెండు బస్సులు మారి అత్వెల్లికి పోయాను. కౌకూర్‌లో మా అపార్ట్‌మెంటు మూడో అంతస్తు దిగడమే నా మోకాళ్ళకు పెద్ద ప్రయాణం. లిఫ్టు ఉంది, పనిచేసే రోజు పనిచేస్తుంది. కండ్లకోయ దగ్గర కాలేజీ బస్సులు ఒకదాని వెనక ఒకటి నిలబడిపోయి, మా బస్సు కదలదు. పక్కన కూర్చున్న పిల్ల చెవుల్లో తీగలు పెట్టుకుని నిద్రపోతోంది. రోడ్డు పక్కన అద్దాల భవనం ఉన్న చోట మా మేనత్త వాళ్ళ మిరప చేను ఉండేదని చెబుదామనుకున్నాను. ఎవరికి చెప్పేది, చెప్పి ఏం చేసేది? ఈ మధ్య నాకు కోపం కూడా సరిగ్గా రావడం లేదు. అమ్మినవాళ్ళు మావాళ్ళే, కొన్నవాళ్ళు మాలాంటివాళ్ళే, నేనుంటున్న ఫ్లాటు కింద ఏ పొలముందో నేను ఎన్నడూ అడగలేదు. మేడ్చల్ దాటాక రోడ్డుకు రెండు వైపులా టైర్ల షాపులు, ధాబాలు, గ్రానైట్ బండలు నిలబెట్టిన గోదాములు. ఒక ధాబాకూ ఒక టైల్స్ గోదాముకూ నడుమ ఖాళీ జాగాలో మా అన్న మంద కనబడింది.

అది పొలం కాదు. ఒకప్పుడు పొలమే, మా నాయిన మంద పెట్టిన పొలమే, నేను సద్ది మోసిన పొలమే. కానీ నాగలి తగిలి ఎన్నేళ్ళయిందో, సర్కారు తుమ్మ మొలిచి, బీరు సీసాలు పడి, ఒక మూల సగం పూడిన హద్దురాళ్ళతో ఉంది. అన్న మాత్రం పండగ చేసుకుంటున్నవాడిలా ఉన్నాడు. కొత్త రుమాలు చుట్టుకున్నాడు. మందకు చుట్టూ వల కట్టి, గొర్రెపిల్లలను గంపల కింద మూసి, నేల మీద కాసిని నీళ్ళు చల్లి దండం పెట్టుకున్నాడు. ఇప్పుడు మా మందలో ఉన్ని గొర్రెలు లేవు, అన్నీ నున్నటి నెల్లూరు రకం, గొంగడికి పనికిరావు. అవ్వ చూస్తే, ఇవి గొర్లా కుక్కలా అనేది. అయినా అన్న వాటి మధ్య నిలబడితే నాకు నాయిన కనబడ్డాడు. ఆ పక్కనే నీలం టార్పాలిన్‌తో గుడిసె, దాంట్లో ఒక మంచం, ధాబా నుంచి గుంజిన తీగకు ఒక బల్బు. "గుడిసెందుకన్నా? మంద పెట్టేది రెండు మూడు రోజులాయె, దానికి గుడిసె ఎవరేస్తరు?" అన్నాను. "మర్యాద జేస్తాండే. నాకు ఎండ తాకొద్దని తనే ఏపిచ్చిండు" అన్నాడు అన్న. నా మనసులో ఏదో గీరుకుంది. నోరు మూసుకున్నాను, నాకు అలవాటు లేని పని.

చీకటి పడకముందే పటేల్ మనుమడు శ్రీకాంత్ వచ్చాడు. ముప్పై దాటినవాడు, తెల్ల చొక్కా, చేతికి దారాలు. వాడి ముఖం నాకు ముందే తెలుసు, మేడ్చల్ పొడుగునా ఫ్లెక్సీల మీద దండం పెడుతూ ఉంటాడు. నన్ను చూసి "టీచరమ్మా, బాగున్నరా?" అని వంగి పలకరించాడు. మర్యాదలో వంక పెట్టడానికి లేదు. అన్న వాడికి తన లెక్క చెప్పడం మొదలుపెట్టాడు. "ఇయ్యాల ఈ మూలకు పెట్టిన పటేలా. రేపు ఆ తుమ్మచెట్టు దిక్కు జరుపుత. ఎల్లుండి కింది మడి. నేలంత సమంగ అందుతది." శ్రీకాంత్ ఫోన్ చూసుకుంటూ, "జరపకు కాకా. దినాం ఈ రోడ్డు పక్కనే ఉంచు" అన్నాడు. "ఒక్కతాన్నే పెడ్తె ఎరువెక్కువై పైరు మాడుతది గద పటేలా." "మాడనియ్ కాకా, నువ్వు ఫికర్ జెయ్యకు." అన్న అర్థంకాక నా వైపు చూశాడు. మళ్ళీ వాడి వైపు తిరిగి, "ఇంతకు ఏం ఏద్దామనుకుంటున్నరు ఈ యేడు?" అని అడిగాడు. శ్రీకాంత్ నవ్వి, అన్న భుజం తట్టి, మంద కనబడేలా, గుడిసె కనబడేలా అన్నను నిలబెట్టి ఫోటో తీసుకుని వెళ్ళిపోయాడు.

మరునాడు పొద్దున మళ్ళీ పోయాను. రాత్రి మోకాళ్ళకు నూనె రాసుకుంటూ, నాకెందుకులే, పోకుంటే ఏం అనుకున్నాను. తెల్లారాక రొట్టెలు చేసి డబ్బాలో పెట్టుకుని బయల్దేరాను. నేను పోయేసరికి జాగాలో ఒక పాత కారు ఆగి ఉంది. దాని పక్కన ఒక పెద్దాయన, నా వయసే ఉంటుంది, చేతిలో ప్లాస్టిక్ కవరు, కాళ్ళకు మామూలు చెప్పులు. రౌడీలెవరో వస్తారని రాత్రంతా భయపడ్డాను గానీ, ఇలాంటి మనిషి వస్తాడనుకోలేదు. ఆయన గొర్రెలను చూసి, గుడిసెను చూసి, అన్న దగ్గరకు వచ్చి, "ఎవరయ్యా నిన్ను ఇక్కడ ఉండమన్నది? ఇది మా ప్లాటు" అన్నాడు. అన్నకు అది అవమానంగా తగిలింది. మంద పెట్టిన పొలంలో కాపరిని ఎవరూ అలా అడగరు. "ప్లాటేంది సార్? పొలం. పటేలోల్ల పొలం" అన్నాడు. "ఎప్పట్నుంచి ఉంటున్నావిక్కడ?" "ఎప్పటి సందంటె ఏం జెప్పాలె సార్! నేను ఇంతున్నప్పటి సంది. మా నాయిన పెట్టిండు మంద, పటేలోల్ల తాత పెట్టిచ్చిండు. అండ్ల నాకు తెల్వనిదేమున్నది? ఎవర్నన్న అడుగుండ్రి." ప్రతి మాటా నిజం. అన్న గుండె మీద చేయి వేసుకుని చెప్పాడు. అప్పుడే గమనించాను, ధాబా పక్కన నిలబడిన శ్రీకాంత్ మనిషి ఒకడు అదంతా ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు.

పెద్దాయన కూడా అది చూశాడు. హద్దురాయి మీద కూలబడ్డాడు. బ్యాంకులో చేసి రిటైరయ్యాడట. చాలా ఏళ్ళ కిందట ఎవరో ఏజెంటు తీసుకొచ్చి చూపిస్తే కొన్నానని, పెద్ద పటేలే స్వయంగా వచ్చి సంతకం పెట్టాడని, ఇప్పుడు మనుమడు అది చెల్లదని కోర్టుకెక్కాడని చెప్పాడు. కూతురికి ఇల్లు కట్టిద్దామనుకున్నాడట. చెబుతున్నంతసేపూ అన్న వైపు కాదు, నా వైపు చూశాడు. చీర, కళ్ళద్దాలు చూసి నాకు అర్థమవుతుందనుకున్నాడేమో. "అబద్ధం చెప్పడం లేదు కదమ్మా ఆయన?" అన్నాడు. ఏం చెప్పాలి? "లేదండీ. నిజమే చెప్పాడు" అన్నాను. అంతకంటే చెడ్డ నిజం నా జన్మలో చెప్పలేదు. ఆయన అన్న చెంబులో నీళ్ళు అడిగి తాగి, కారెక్కి వెళ్ళిపోయాడు. అన్నకు అప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. "ఏందే చెల్లే, నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?" అని అడిగాడు.

దానికి జవాబు శ్రీకాంత్ చెప్పాడు. గంట గడవకముందే వచ్చి అన్నను కావలించుకున్నంత పని చేశాడు. "కాకా, ఒక్క మాటతోని కేసు నిలబెట్టినవ్! పొజిషన్ల ఎవరున్నరని, నేల ఎవరి చేతులున్నదని, కోర్టు అడుగుతది గద. మా తాత కాలం నుంచి మా మంద, మా మనిషి ఈడనే ఉన్నట్టు నువ్వే చెప్పినవ్. వీడియో మస్తొచ్చింది." అన్న చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది. "అంటె... ఈడ ఏం ఏయ్యరా పటేలా?" అన్నాడు. "హైవే పక్కన ఏం ఏస్తం కాకా? షోరూముకు లీజుకిస్తం." అన్న వల లోపలికి, మంద లేచిన చోటు వైపు చూశాడు. నేలంతా నల్లగా పెంటికలు. మా నాయిన మంద పెట్టిన పొలంలో ఆ యేడు పంట ఎలా ఉందో చూడటానికి మేము పనిగట్టుకుని పోయేవాళ్ళం. ఇది మా మంద ఎరువని ఊరికి చెప్పుకునేవాళ్ళం. మా అన్న మంద పెట్టిన పొలంలో ఈ యేడు కేసు గెలుస్తారు. ఇది ఎవరికి చెప్పుకోవాలి?

శ్రీకాంత్ అంతటితో ఆగలేదు. "కాకా, కండ్లకోయ అవుతల మాకు ఇంకో బిట్టున్నది. దాని మీద గూడ లొల్లి నడుస్తాంది. వచ్చే వారం మందను ఆడికి తోలు. యేడాదంత ఉండు, నిన్ను ఎవ్వడు లేపడు. నీళ్ళ ట్యాంకర్ నేను తెప్పిస్త. ఎవరన్న వచ్చి అడిగితె ఇట్లనే చెప్పు." అన్న తల అడ్డంగా ఊపాడు. "ఆడ మేమెన్నడు మంద పెట్టలే పటేలా. అది మా ఎరుకల లేని నేల." "పెట్టినమను కాకా. ఎవరు చూసిండ్రు?" అన్నాడు శ్రీకాంత్, చాలా మామూలుగా, మంచినీళ్ళు అడిగినట్టు. నేను నోరు తెరవబోయాను. ఈ పిలగాడి తాత మా అవ్వ చేతి సల్ల తాగిన సంగతి, ఇంకా చాలా సంగతులు నాలుక చివరికి వచ్చాయి. అంతలో అన్నే అడిగాడు. వాడి ముఖం వైపు చూడకుండా, గొర్రెలను చూస్తూ అడిగాడు.

"గడ్డి ఉన్నదా ఆడ?"

"మోకాలెత్తున్నది కాకా."

"సరె తియ్యి పటేలా" అన్నాడు మా అన్న.

వాడు వెళ్ళాక వల విప్పి మందను మేతకు తోలాము. సర్వీసు రోడ్డు అవతల, ఇంకా గోడ పడని ప్లాట్ల వైపు. నేను పక్కనే నడుస్తున్నాను, మోకాళ్ళు మండుతున్నాయి, నోరు అంతకంటే. "ఆ సారు మొఖం చూసినవా అన్నా?" అన్నాను. "చూసిన." "ఆడికి గూడ అట్లాంటాయనె ఎవరో వస్తడు. ఆయనకు అబద్ధం చెప్తవా?" "చెప్త." అంత పొడిగా చెప్పేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. "సిగ్గు లేదా? అమ్మెయ్యరాదు! రాజు పోరుతనే ఉన్నడు గద, అమ్మేసి ఇంట్ల కూసో. నాయిన పేరెందుకు ఖరాబ్ చేస్తవ్?" అన్నాను. రోడ్డు మీద పోయేవాళ్ళు చూస్తున్నారని కూడా చూసుకోలేదు.

అన్న ఆగాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బాగుండేది. "అమ్ముతె ఏడికి పోతయో ఎరుకేనా నీకు? కొనుక్కపోయి కాసేటోడు ఒక్కడు లేడు. అన్ని కోతకే. పిల్లలతో సహ" అన్నాడు. కర్రతో నేలను పొడిచాడు. "సరె, పోనియ్, కోతకే పోనియ్. రాత్రికి నేనేడ పండాలె చెల్లే? రాజు రూము కట్టిచ్చిండు, ఫ్యాను పెట్టిచ్చిండు. ఆడ పంటె నాకు గోడలు మీదికొస్తున్నట్టైతది. లేచి కూసుంట. పుట్టిన సంది వీటి నడుమనె పన్న. వీటి ఊపిరి ఇనవడకుంటె నాకు నిద్ర రాదే. నాయిన పేరంటవ్ నువ్వు. నాయినకు పొలాలుండె. ఎవలు పిలిస్తె వాళ్ళ పొలంల పన్నడు. నన్ను పిలిచెటోడు గీ ఒక్కడే. అబద్ధం చెప్పమంటాండు. చెప్త మరి, ఏం జెయ్యాలె?"

పుస్తకాలు చదివాను, ఎందరో పిల్లలకు పాఠాలు చెప్పాను, నిజం చెప్పాలని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో. మా అన్న పడుకోవడానికి ఇంత నేల చూపించగలనా? నా ఫ్లాటులోకి రమ్మననా? కోపం పోలేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా పోలేదు, ఎవరి మీద వేయాలో తెలియక నాలోనే తిరుగుతోంది. కానీ ముందు నడిచిన గొర్రెలు అప్పటికే సర్వీసు రోడ్డు అంచుకు చేరి ఆగిపోయాయి. కార్లు, టిప్పర్లు, కాలేజీ బస్సులు, ఒక్కటీ ఆగడం లేదు. అన్న వెనక ఉన్నాడు, పిల్లలు చెదరకుండా చూసుకుంటూ. ముందు ఎవరూ లేరు. నేను రోడ్డు మీదికి దిగి చేయి అడ్డం పెట్టాను. ఒక కారు కీచుమని నా ముందు ఆగింది. లోపలి కుర్రాడు అద్దం దించి, ముసలమ్మా, చావడానికి నా కారే దొరికిందా అని అరిచాడు. గొర్రెలు ఒకటొకటిగా నా పక్కనుంచి రోడ్డు దాటసాగాయి.

"ఆగు బిడ్డా, మంద పోతాంది" అన్నాను, చేయి దించకుండా.